అమ్మమ్మ వదిలేసిన ఒక్క గుడ్డు

అమలాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో కోడి గుడ్లు తీసేటప్పుడు ఒక్కటి మాత్రం అక్కడే ఉంచేసేది. "అన్నీ తీస్తే చోటు మార్చేస్తుందిరా. ఒకటుంటే చాలు, దానికేం లెక్క తెలుసా?" అనేది.

తెలుసు, అమ్మమ్మా. ఆ మాటకొస్తే దాని పిల్లలకే తెలుసు. 2009లో అచ్చయిన ఓ ప్రయోగంలో, ఇటలీలో రోసా రుగానీ అనే శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్లు కలిసి, అప్పుడే పుట్టిన కోడిపిల్లల్ని ఐదు చిన్న ప్లాస్టిక్ డొల్లలతో కలిపి పెంచారు. కోడిపిల్ల పుట్టగానే ఏది చూస్తే దాన్నే తనవాళ్లనుకుని వెంటపడుతుంది కదా, దీనికి ఆ డొల్లలే తల్లీ తోబుట్టువులూ. మూడు నాలుగు రోజుల వయసులో పిల్లని అద్దంలాంటి పెట్టెలో ఉంచి, అది చూస్తుండగానే ఒక తెర వెనక నాలుగు, ఇంకో తెర వెనక ఒకటి దాచారు. తర్వాత నాలుగున్న చోటు నుంచి రెండు తీసి, ఒక్కోటిగా అటు పక్కకి మార్చారు. ఇప్పుడు ఇటు రెండు, అటు మూడు. తెరల వెనక ఏముందో కనిపించదు. పెట్టె తెరిస్తే, పిల్లలు ఎక్కువగా మూడున్న వైపే పరిగెత్తాయి. మొదట నాలుగు చూసిన చోటుకి కాదు! కూడికా తీసివేతా రెండూ మనసులోనే అయిపోయాయి, బడికి పంపకుండానే.

ఇంకా గట్టి లెక్క నీటికోడిది. మన కొల్లేరులో నుదుట తెల్లమచ్చతో తిరిగే బొల్లికోడికి అమెరికా ఖండంలో ఓ చుట్టం ఉంది. ఈ జాతి ఆడపక్షులు పక్కవాళ్ల గూట్లో దొంగచాటుగా గుడ్లు పెట్టేస్తాయి. బ్రూస్ లయన్ అనే పరిశోధకుడు కెనడాలో వీటిని గమనించి 2003లో రాసిందేంటంటే, పరాయి గుడ్డుని రంగు బట్టి పసిగట్టే తల్లులు దాన్ని లెక్కలోకి తీసుకోవు, తమ గుడ్లు సరిపడా అయ్యేదాకా పెడుతూనే ఉంటాయి. పసిగట్టలేనివి మాత్రం గూడు నిండిందనుకుని తక్కువ పెడతాయి.

జంతువుల లెక్కలంటే నాకు కాస్త అనుమానం ఎక్కువే. జర్మనీలో హాన్స్ అనే గుర్రం గిట్టతో కొట్టి కూడికలు చెప్పేదని జనం విరగబడి చూశారు, తీరా 1907లో తేలిందేంటి, అది ఎదుటి మనిషి తలా ముఖమూ కదిలే తీరు చూసి ఆగుతోందని. అందుకే, చూసి పసిగట్టే వీలు లేకుండా అడ్డుపెట్టిన రుగానీ తెరలు నచ్చాయి.

అయితే రెండూ మూడూ తేలిక గానీ, పన్నెండూ పదకొండూ అంటే పక్షులకి కష్టం. తేడా ఎంతన్నది కాదు, నిష్పత్తి ముఖ్యం. లెక్కపెట్టకుండా ఓ చూపు చూసి చెప్పమంటే మనకీ అంతే.

మరి ఆ ఒక్క గుడ్డు సంగతి? పొట్టకి గుడ్లు ఎక్కువగా తగులుతుంటే కోడి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి, పెట్టడం ఆపేసి పొదగడానికి కూర్చుంటుంది. ఒక్కటే ఉంటే పెడుతూనే ఉంటుంది. అమ్మమ్మ దగా చేసింది కోడి లెక్కని కాదు, దాని హార్మోన్లని.

సాయంత్రం గంప కమ్మేటప్పుడు మాత్రం వేలు చూపిస్తూ పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టేది. "పదకొండే ఉన్నాయిరా, కొబ్బరిమట్టల కింద చూడు."