వైజాగ్ బడుల్లో ఇంగ్లీష్ రీడింగ్: పాఠం ఎక్కడ దారి తప్పింది?

విశాఖలోని చాలా ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి ఇంగ్లీష్ పీరియడ్ ఒకే తీరుగా నడుస్తుంది. టీచర్ ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెబుతారు. పిల్లలు గొంతు కలుపుతారు. ఆఖర్లో క్వశ్చన్ ఆన్సర్లు బోర్డు మీద నుంచి నోట్సులోకి ఎక్కుతాయి. లెసన్ ప్లాన్‌లో ‘రీడింగ్’ అని రాసిన చోట జరిగేది వినడం, అప్పజెప్పడం. అనుమానం ఉంటే పాఠం మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి అడగండి. పిల్లాడు మొదటి లైను నుంచి వల్లించుకుంటూ అక్కడికి వస్తాడు.

ఇది ఇప్పటి టీచర్ల తప్పేం కాదు. వాక్యం చదివి అర్థం చెప్పే పద్ధతి యూరప్‌లో లాటిన్ నేర్పిన తీరు. 1854 నాటి వుడ్ డిస్పాచ్ (మన దేశంలో చదువు ఎలా ఉండాలో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చిన లేఖ) తర్వాత ఇంగ్లీష్ చదువు పరీక్షలకు, సర్కారు కొలువులకు ముడిపడేసరికి అది మన బడుల్లో పాతుకుపోయింది. వల్లె వేయించడం మన వీధిబడులకు అంతకుముందే అలవాటు. రెండూ చక్కగా కుదిరిపోయాయి.

దీన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో ముఖ్యుడు మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు విద్యావేత్త. ఢాకాలో టీచర్ ట్రైనింగ్ కాలేజీ నడిపిన ఆయన 1926లో బెంగాల్ పిల్లల ఇంగ్లీష్ చదువు మీద పుస్తకం వేశాడు. చాలామంది పిల్లలు మధ్యలోనే బడి మానేస్తారు, మరి అప్పటికి వాళ్లకేం మిగిలింది అన్నది ఆయన ప్రశ్న. రెండు మూడేళ్లలో అరకొరగా మాట్లాడడం వచ్చినా బయట దేనికీ అక్కరకు రాదు, చదవడం వస్తే మాత్రం ఎంత వస్తే అంత లాభమే. అందుకే లెక్కగా ఎంచిన మాటలతో, కొత్త మాట వెంటవెంటనే మళ్లీ తగిలేలా రీడర్లు తయారు చేశాడు. ముందు ప్రశ్న ఇచ్చి, జవాబు కోసం మనసులో చదువుకోమనేవాడు. మొదటిసారి ఇంగ్లీష్ చదివే పిల్లలకు ప్లాన్ వేసే టీచర్‌కి ఈ ఒక్క సంగతి చాలా ట్రైనింగుల కన్నా ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ (ఇప్పటి ఇఫ్లూ) పెట్టేనాటికి ఇంగ్లీష్ బోధనలో గాలి మళ్లింది, వాక్యాల నమూనాలు నేర్పడం వైపు. ముందు నోటితో అనిపించాలి, చదవడం తర్వాత. ఆ ‘తర్వాత’ చాలా క్లాసుల్లో రానేలేదు. ఆపైన చర్చంతా మీడియం మీదికి పోయింది. 2019 నవంబర్‌లో సర్కారు బడులను ఇంగ్లీష్ మీడియంలోకి మార్చమన్న జీవో 81, 2020 ఏప్రిల్ 15న దాన్ని హైకోర్టు కొట్టేయడం, ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీష్‌తో పాఠ్యపుస్తకాలు. పిల్లల చూపు తెలుగు పేజీకే జారుతుందని విసుక్కునేవారున్నారు. జారనివ్వండి. కథ ముందే తెలిస్తే ఇంగ్లీష్ పేజీలో తడబాటు తగ్గుతుంది.

అసలు చిక్కు అక్షరాల దగ్గరుంది. తెలుగులో ‘కి’ గుణింతం ఎక్కడున్నా ‘కి’నే. ఇంగ్లీష్‌లో ‘ఏ’ అక్షరం క్యాట్‌లో ఒకలా, కేక్‌లో ఒకలా, బాల్‌లో ఇంకోలా పలుకుతుంది. ‘సీ ఏ టీ’ అని ఎన్నిసార్లు అన్నా ‘క్యాట్’ రాదు, అక్షరం పేరు వేరు, ధ్వని వేరు. ఈ ముడి విప్పడానికి రోజూ ఐదు నిమిషాలు ప్లాన్‌లో పెట్టాలి. తర్వాత ఆరేడు లైన్ల పాఠం, ముందే ఒక ప్రశ్న, మౌనంగా చదవడం, చివర నలుగురైదుగురి చేత విడివిడిగా చదివించడం. మిగతావారి వంతు మర్నాడు. నోట్సు ఆ రోజుకి ఖాళీగా ఉన్నా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు ఒప్పుకుంటే, ఇది నలభై నిమిషాల్లో అయ్యే పనే.