బోర్డు మీద మ్యూజియం, కాగితాల్లో కంపెనీ: చైనా ఆర్ట్ మ్యూజియంలపై అపోహలు - వాస్తవాలు

చైనా నుంచి ఆహ్వానం రాగానే మన చిత్రకారులు, శిల్పులు, గ్యాలరీలవాళ్లు అడిగే మాట ఒకటే: "అది మ్యూజియమే కదండీ, భయం లేదుగా?" అసలు పొరపాటు ఆ ప్రశ్నలోనే ఉంది. మిగతా అపోహలతో పోయేది కాస్త కాలం, కాస్త పరువు. దీనితో మాత్రం బొమ్మలే ఇరుక్కుపోతాయి. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: పేరులో మ్యూజియం ఉంటే అది లాభాపేక్ష లేని సంస్థే. లోపలున్న కళాఖండాలన్నీ శాశ్వతంగా దానివే.

వాస్తవం: చైనీయులకు దీనికి రెండు మాటలున్నాయి. బోవూగ్వాన్ అంటే చరిత్ర, పురావస్తువుల మ్యూజియం. మెయ్‌షూగ్వాన్ అంటే ఆర్ట్ మ్యూజియం. 2015 మార్చి 20న అమల్లోకి వచ్చిన మ్యూజియం నిబంధనల ప్రకారం, వాటి కింద నమోదైన మ్యూజియం తన సేకరణతో వ్యాపారం చేయకూడదు. రెండో మాటకి అంత కాపలా లేదు. మెయ్‌షూగ్వాన్ అని బోర్డున్న చోట ప్రభుత్వ సంస్థ ఉండొచ్చు, పౌర వ్యవహారాల శాఖలో నమోదైన ప్రైవేటు లాభరహిత సంస్థ ఉండొచ్చు, పన్ను కట్టే మామూలు లిమిటెడ్ కంపెనీ కూడా ఉండొచ్చు. గోడలు అవే, లైటింగ్ అదే. బయట నిలబడి చూసి తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు.

పేరున్న ఉదాహరణే చూడండి. బీజింగ్‌లో 798 అనే కళా ప్రాంతంలోని యూసీసీఏ అనే సమకాలీన కళా కేంద్రం 2007లో తెరుచుకుంది. బెల్జియం సేకర్తలు ఉలెన్స్ దంపతులు పెట్టిన సంస్థ అది. 2017లో వాళ్లు దాన్ని పెట్టుబడిదారుల బృందానికి అప్పగించారు. బీజింగ్ సాంస్కృతిక శాఖ దాన్ని మ్యూజియంగా గుర్తించింది 2018లో! అంటే ప్రపంచమంతా చైనా సమకాలీన కళకు చిరునామాగా చెప్పుకున్న పదకొండేళ్లూ ఆ గుర్తింపు లేకుండానే నడిచింది. అందులో మోసమేమీ లేదు. అక్కడి పద్ధతే అంత.

మరి కనుక్కోవడం ఎలా? అది ఐదు నిమిషాల పని. ఎదుటివాళ్లను రెండే అడగండి: చైనీస్‌లో పూర్తి చట్టబద్ధమైన పేరు, 18 స్థానాల ఏకీకృత సామాజిక పరపతి కోడ్. 2015 అక్టోబరు నుంచి అక్కడ ప్రతి సంస్థకీ ఈ కోడ్ ఇస్తున్నారు. మొదటి రెండు అంకెల్లోనే జాతకం ఉంటుంది. 12 అయితే ప్రభుత్వ సంస్థ, అక్కడి మాటలో షియె దాన్‌వెయ్. 52 అయితే ప్రైవేటు లాభరహిత సంస్థ, అందరూ మిన్‌ఫెయ్ అనేది దీన్నే. 53 ఫౌండేషన్. 91 కంపెనీ. తర్వాతి ఆరంకెలు నమోదైన ప్రాంతానివి: 310104 అంటే షాంఘైలోని షూహుయ్ జిల్లా, 110105 అంటే బీజింగ్‌లోని చావ్‌యాంగ్. ఆహ్వానం మీద గుండ్రటి ఎర్ర ముద్ర కింద 13 అంకెల సంఖ్య కనిపిస్తుంది. అది ముద్ర నంబరు, ఈ కోడ్ కాదు. చాలామంది దాన్నే పంపి "చూడండి, ఉంది" అంటారు.

91 వచ్చిందని కంగారు పడకండి. బాగా నడిచే కంపెనీ మ్యూజియంలూ ఉన్నాయి. కాకపోతే అప్పుడు మీరు సంతకం చేసేది వ్యాపార ఒప్పందం మీద. ఒప్పందంలో పేరు, కోడ్ తాలూకు పేరు, ముద్రలో పేరు మూడూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఆహ్వానించేది మ్యూజియం, సంతకం చేసేది 'అనుబంధ సాంస్కృతిక ప్రచార సంస్థ' అయితే అక్కడే ఆగండి. రేపు డబ్బు అడగాల్సింది ఆ రెండో సంస్థనే. దాని ఖాతాలో ఏముందో ఎవరికి తెలుసు?

ఇక కస్టమ్స్. ప్రదర్శనకి వెళ్లే బొమ్మలు మామూలుగా తాత్కాలిక దిగుమతి కింద లోపలికి వెళ్తాయి. గడువు 6 నెలలు. పొడిగింపు మూడుసార్ల దాకా దొరుకుతుంది, ఒక్కోసారి 6 నెలలకు మించదు. దరఖాస్తు గడువు ముగిసేలోపే పడాలి. పన్నుకి సమానమైన హామీ మొత్తాన్ని దిగుమతిదారు కడతాడు. ఈ దిగుమతిదారు తరచూ మ్యూజియం కాదు, అది పెట్టుకున్న ఆర్ట్ లాజిస్టిక్స్ సంస్థ. చిక్కు ఎక్కడొస్తుందంటే, మధ్యలో ప్రదర్శన ఆగిపోతుంది, మ్యూజియం లాజిస్టిక్స్ బిల్లు కట్టదు, వాళ్లు గోదాము తలుపు తీయరు. గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే తిరుగు రవాణా ఖర్చు ముందే చెల్లించాలని, ప్రదర్శన రద్దయినా ఆ మొత్తం దానికే వాడాలని ఒప్పందంలో రాయించుకోండి. బీమా మీ గోడ నుంచి మళ్లీ మీ గోడ దాకా ఉండాలి, గోదాములో గడిపే కాలంతో సహా. అక్కడే ఎవరైనా కొంటానంటే చేతికిచ్చి రాకండి. తాత్కాలికంగా తెచ్చిన వస్తువుని అమ్మాలంటే ముందు పూర్తి దిగుమతి చేసి, 13 శాతం విలువ ఆధారిత పన్ను కట్టాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్లు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తారు.

సేకరణ ఎవరిదన్నది ఇదే అపోహకి రెండో సగం. షాంఘైలో లోంగ్ మ్యూజియం పెట్టిన ల్యూ యీచ్యెన్, వాంగ్ వెయ్ దంపతులు 2015లో ఇటలీ చిత్రకారుడు మోడిగ్లియాని గీసిన నగ్నచిత్రాన్ని 17 కోట్ల 4 లక్షల డాలర్లకు కొన్నారు. 2023 అక్టోబరులో హాంకాంగ్‌లో సోథెబీస్ వేలం సంస్థ దగ్గర తమ సేకరణలోంచి కొన్ని కళాఖండాలు వేలానికి పెట్టేసరికి "మ్యూజియం సొత్తు అమ్మేస్తున్నారు" అని గోల. కొన్నదీ వాళ్లే, అమ్మిందీ వాళ్లే. వ్యవస్థాపకుడి పేరు మీద ఉన్నంతకాలం అది మ్యూజియం గోడ మీద వేలాడే సొంత ఆస్తి. మన సాలార్‌జంగ్‌తో పోల్చకండి. అక్కడ యజమాని 1949లో వారసులు లేకుండా పోయాడు, 1951లో మ్యూజియం తెరిచారు, 1961లో పార్లమెంటు చట్టమే చేసింది. షాంఘైలో యూజ్ మ్యూజియం పెట్టిన సేకర్త బూడి టెక్‌కి తన తర్వాత సేకరణ ఏమవుతుందన్న బెంగ ఉండేది. అందుకే లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంతో చేయి కలిపాడు. ఆయన 2022లో చనిపోయాడు. మరుసటి ఏడాది మ్యూజియం పాత విమానాల హ్యాంగర్ వదిలి ఊరి శివారు ఛింగ్‌పూకి మారింది.

అపోహ: ప్రైవేటు మ్యూజియంలు టికెట్ల మీద బతుకుతాయి, జనం రాక మూతపడుతున్నాయి.

వాస్తవం: మూతపడేది రియల్ ఎస్టేట్ డబ్బు ఆగినప్పుడు. గ్వాంగ్‌జౌలోని టైమ్స్ మ్యూజియం ఒక అపార్టుమెంటు భవనంలో ఉంది, ప్రదర్శనశాల 19వ అంతస్తులో. డిజైన్‌లో పేరున్న వాస్తుశిల్పి రెమ్ కూల్‌హాస్ చేయి ఉంది. డబ్బు బిల్డర్‌ది. బిల్డర్‌కి కష్టం రాగానే 2022లో ప్రదర్శనలు ఆగిపోయాయి. సందర్శకుల లెక్కతో దానికి సంబంధమే లేదు. ఇలాంటిచోట ఉద్యోగానికో ప్రదర్శనకో వెళ్లేవాళ్లు చూడాల్సింది మాతృసంస్థ అప్పుల వార్తల్ని. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలతో ఏమీ తెలియదు.

అపోహ: అమెరికాలోలా కోటీశ్వరులు విరాళాలిచ్చి నిలబెడతారు.

వాస్తవం: చైనాలో వారసత్వ పన్ను లేదు. తగ్గించుకోవడానికి పన్నే లేనప్పుడు బొమ్మలు దానమివ్వాలన్న తొందర ఎవరికి? కంపెనీలకు వార్షిక లాభంలో 12 శాతం దాకా విరాళానికి మినహాయింపు ఉంది, మిగిలింది మూడేళ్లు ముందుకి తీసుకెళ్లవచ్చు. అయితే రసీదిచ్చే అర్హత ఉన్న సంస్థకిస్తేనే. 91తో మొదలయ్యే మ్యూజియం ఆ రసీదు ఇవ్వలేదు. మ్యూజియంలు పక్కనే ఫౌండేషన్ నమోదు చేయించుకోవడానికి ఇదొక గట్టి కారణం. రాబోయే మోడల్ ఏమిటని అడిగితే నా సమాధానం ఇదే: ప్రదర్శనలకు మిన్‌ఫెయ్, విరాళాలకు ఫౌండేషన్, దుకాణానికీ బ్రాండ్ ఒప్పందాలకీ కంపెనీ. మూడు కోడ్‌లు, ఒకే బోర్డు. కోడ్ అడగమని పోరేది అందుకే.

అపోహ: పారిస్ పాంపిడూ, లండన్ టేట్ మ్యూజియంలు షాంఘైలో బ్రాంచీలు తెరిచాయి.

వాస్తవం: కాదు. 2019 నవంబరులో తెరిచిన వెస్ట్ బండ్ మ్యూజియం షూహుయ్ జిల్లా ప్రభుత్వ సంస్థది. పాంపిడూది ఐదేళ్ల ఒప్పందం, తర్వాత 2029 దాకా పొడిగించారు. 2021 జులైలో తెరిచిన పుడోంగ్ ఆర్ట్ మ్యూజియం లుజియాజుయ్ గ్రూపు అనే సంస్థది, టేట్ మొదట్లో భాగస్వామి మాత్రమే. బయోడేటాలో 'టేట్ షాంఘై' అని రాసుకోకండి, నవ్వుతారు.

అపోహ: హాంకాంగ్‌లోని ఎం ప్లస్ మ్యూజియంలో కూడా ఇదే తంతు.

వాస్తవం: వేరే చట్టం, వేరే కస్టమ్స్. అది చట్టబద్ధ ప్రాధికార సంస్థ కింద నడుస్తుంది. పైన చెప్పిన కోడ్ సంగతి అక్కడ పనికిరాదు.

అపోహ: ప్రవేశం ఉచితం కాబట్టి నేరుగా వెళ్లిపోవచ్చు.

వాస్తవం: ప్రభుత్వ ఆర్ట్ మ్యూజియంలకు 2011 నుంచి ఉచిత ప్రవేశ విధానం ఉంది, కానీ ప్రత్యేక ప్రదర్శనలకు టికెట్ పెట్టవచ్చు. చాలాచోట్ల ముందే పేరు నమోదు చేసుకోవాలి, అదీ ఎక్కువగా వీచాట్ అనే ఫోన్ యాప్‌లో. పాస్‌పోర్టు నంబరు కొట్టేటప్పుడు చూసుకోండి, గేటు దగ్గర అసలు పాస్‌పోర్టే అడుగుతారు. చాలావాటికి సోమవారం సెలవు.