పేరు కలిస్తే తాత దొరికినట్టు కాదు: విదేశాల్లో పోయిన పెద్దల జాడ, అపోహలు - వాస్తవాలు

పాత పత్రాలు వెతికిపెట్టడం నా పని. తాతో ముత్తాతో పరదేశంలో పోయాడు, ఎక్కడ పోయాడో తెలుసుకోవాలని వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్‌లో ఒక స్క్రీన్‌షాట్ తెస్తారు. రెండు ప్రపంచయుద్ధాల్లో పోయిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికుల సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టారు, పేరు వచ్చింది. "ఈయనే అండీ మా తాత" అంటారు. కొందరైతే అప్పటికే విమానం టిక్కెట్లు కొనేసి ఉంటారు.

అపోహ: పేరు దొరికితే మనిషి దొరికినట్టే.

వాస్తవం: కాదు. దయచేసి ఈ ఒక్క మాట వినండి. ఈ నమ్మకం వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు, పడ్డంత ఏడుపు ఇంకే అపోహ వల్లా నేను చూడలేదు. అప్పన్న, నరసయ్య, అబ్దుల్ కరీం లాంటి పేర్లు ఏ తాలూకా తీసుకున్నా ఎంతోమందికి ఉండేవి. రాసుకున్న గుమాస్తా ఇంటిపేరు వదిలేసేవాడు. ఒక్కోచోట "నాయుడు" అన్నదే పేరైపోయింది.

మనిషిని పట్టిచ్చేవి నంబరు, తండ్రి పేరు, ఊరు. సిపాయి అయితే సర్వీస్ నంబరు, రెజిమెంటు. చెరకు తోటల కూలీగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లినవాళ్లకి కలోనియల్ నంబరు, ఫిజీ వెళ్లినవాళ్లకి ఎమిగ్రేషన్ పాస్ నంబరు ఉంటాయి. ఆ కాగితాల్లో తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, వయసు, ఒంటిమీది గుర్తుల దాకా రాసి ఉంటాయి. తేదీలు కూడా సరిచూసుకోవాలి. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు మొదలైంది 1903లో. మీ ముత్తాత విశాఖ వైపు నుంచి 1890లో ఫిజీ కూలీగా వెళ్లాడని ఇంట్లో చెప్పుకుంటుంటే, దేశమో సంవత్సరమో తప్పు. కాగితంలో "గంజాం జిల్లా" అని ఉందని మనది కాదనుకుని పక్కన పెట్టేయకండి. 1936 దాకా శ్రీకాకుళం ఆ జిల్లాలోనే ఉండేది, పేరు చికాకోల్ అని రాసేవారు.

మన హైదరాబాద్‌ వాళ్లు పడే గొయ్యి ఇంకొకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో పోయిన సైనికుల సింగపూర్ స్మారకం జాబితాలో "19వ హైదరాబాద్ రెజిమెంట్" అని చూడగానే నిజాం సైన్యం అనుకుంటారు. అది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ రెజిమెంటు. అందులో కుమావూనీలు, జాట్లు, అహిర్లు ఎక్కువ. ఇవాళ్టి కుమావూన్ రెజిమెంటు అదే, 1945లో పేరు మారింది. నిజాం సొంత సేన వేరు. 1941లో మలయాలో (ఇవాళ్టి మలేసియాలో) ఆ సేన బెటాలియన్ కూడా ఉంది కాబట్టి ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. మీ తాత నిజాం సేన మనిషైతే లండన్‌లోని రికార్డుల సంగతి తర్వాత, ముందు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్లండి. అక్కడి పాత కాగితాలు ఉర్దూలో, ఫార్సీలో ఉంటాయి. చదివిపెట్టేవాళ్లని వెంట తీసుకెళ్లండి.

ఉప్పల్ నుంచి ఒకాయన వచ్చారు. తాత రంగూన్‌లో బియ్యం మిల్లు కూలీ. అక్కడికి దగ్గర్లో టాక్యాన్‌లో ఉన్న, యుద్ధంలో పోయిన సైనికుల రంగూన్ స్మారకం మీద అదే పేరు చూసి బయల్దేరబోతున్నారు. తీరా చూస్తే ఆ పేరు సిపాయిది, తండ్రి పేరు వేరు, ఊరు తమిళ జిల్లాలో ఉంది. ఇంట్లో మిగిలిన తాత ఆఖరి ఉత్తరంలో "ప్రోమ్ దాకా వచ్చాము" అని ఉంది. ప్రోమ్ బర్మాలోనే రంగూన్‌కి ఉత్తరాన ఉన్న ఊరు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక మనవాళ్లు ఆ దారినే టౌంగప్ కనుమ మీదుగా పడమటి తీరంలోని అరకాన్ వైపు నడిచారు. ఎందరో కలరాతో, ఆకలితో దారిలోనే పోయారు. వాళ్ల పేర్లు రాసుకున్నవాళ్లు లేరు. ఆ మాట చెప్పడం నాకు కష్టమైంది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది సమాధి గురించి కాదు, "మరి తద్దినం ఏ తిథిన పెట్టాలి?" అని.

ఈ ఆందోళన నాకు బాగా తెలుసు. చాలా ఇళ్లలో నిజంగా కావలసింది చోటు కాదు, తేదీ. మరణ నమోదులో తేదీ దొరికితే పంచాంగం చూసి పురోహితుడు తిథి చెబుతారు. యుద్ధ మృతుల్లో కొందరికి "ఫలానా రోజు నుంచి ఫలానా రోజు మధ్య" అనే ఉంటుంది. అలాంటప్పుడూ, ఏ తేదీ దొరకనప్పుడూ మహాలయ అమావాస్య ఉంది. ఆయన ఇంటి పురోహితుడూ అదే చెప్పారు.

అపోహ: సమాధి లేకపోతే రికార్డు లేనట్టే.

వాస్తవం: హిందూ, సిక్కు సిపాయిలను ఎన్నోచోట్ల దహనం చేశారు. వాళ్ల పేర్లు స్మారకాల మీద ఉంటాయి. ఫ్రాన్స్‌లో 1927లో ప్రారంభమైన న్యూవ్ షాపెల్ స్మారకం మీద 4,700కు పైగా భారతీయుల పేర్లున్నాయి. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మాత్రం భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను రెజిమెంటు కింద అంకెగా వదిలేశారు. ఈ అన్యాయాన్ని కమిషన్ తన 2021 నివేదికలో ఒప్పుకుంది. రాతి మీద పేరు లేకపోయినా జాబితాలో వెతకండి.

అపోహ: థాయ్‌లాండ్‌లోని కాంచనబురి శ్మశానంలో మలయా తోటల నుంచి వెళ్లిన మనవాళ్లూ ఉంటారు.

వాస్తవం: అది మిత్రదేశాల యుద్ధఖైదీల శ్మశానం. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వేయించిన బర్మా-సయాం (థాయ్‌లాండ్) రైలుమార్గం పనిలో చనిపోయిన తమిళ, తెలుగు కూలీలకు అక్కడ సమాధిరాళ్లు లేవు.

అపోహ: పేరు దొరికితే బ్రిటన్ నుంచి వారసులకు డబ్బొస్తుంది.

వాస్తవం: రాదు. కమిషన్ పని సమాధులు, స్మారకాలు చూసుకోవడం. అందులో వెతకడం ఉచితం. పరిహారం ఇప్పిస్తానని ముందే ఫీజు అడిగేవాణ్ని గుమ్మం ఎక్కనివ్వకండి.

అపోహ: గల్ఫ్‌లో పోయినా మరణ ధ్రువపత్రం జీహెచ్‌ఎంసీ ఇవ్వాలి.

వాస్తవం: మరణం ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. ఆ దేశపు ధ్రువపత్రంతో పాటు అక్కడి భారత రాయబార కార్యాలయంలో గానీ కాన్సులేట్‌లో గానీ నమోదు చేయించాలి. హజ్‌కి వెళ్లి మక్కాలో, మదీనాలో పోయినవాళ్లను అక్కడే ఖననం చేస్తారు, సమాధుల మీద పేర్లు రాయరు. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: సమాధి ఫొటో కోసం ఎవరికీ డబ్బు పంపకండి, కాన్సులేట్ కాగితం జాగ్రత్త చేసుకోండి.

ఇక వెతుకులాట మొదలుపెట్టేవాళ్లకి. వెబ్‌సైట్ తెరవకముందు ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చోండి. తాత తండ్రి పేరు, పుట్టిన ఊరు, వెళ్లిన ఏడు అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. పెట్టెల్లో పాత పింఛను కాగితం, మనియార్డరు రసీదు, మిలిటరీ తపాలా ముద్ర ఉన్న కార్డు ఉన్నాయేమో చూడండి. నంబరు కనబడేది సాధారణంగా వాటి మీదే.