ఇంటా వంటా లేని రోగం: ‘అంతర్గత లక్షణం’ గురించి అపోహలు, వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో సికిల్ సెల్, తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధుల పరీక్షల రిపోర్టులు వచ్చాక ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి వివరించడం నా పని. వచ్చేవాళ్లలో ఒడియా, కువి మాట్లాడేవాళ్లు ఎక్కువ. గుణుపురం, బిస్సంకటక్ వైపు నుంచి మన తెలుగు కుటుంబాలూ వస్తాయి. ఏ భాషలో చెప్పినా నాకు చిక్కు వచ్చేది ఒక్క మాట దగ్గరే. ఇంగ్లిషులో రిసెసివ్, తెలుగు పాఠ్యపుస్తకాల్లో ‘అంతర్గత లక్షణం’, హిందీలో ‘అప్రభావి’. అంతర్గతం అనగానే లోపల్లోపల ముదిరే రోగం అనుకుంటారు. అప్రభావి అంటే ప్రభావం లేనిదే కదా, ఇంక భయమెందుకు అంటారు. రెండూ తప్పే.

అపోహ: అంతర్గత లక్షణం అంటే బలహీనమైనది, కొన్ని తరాలకు అదే పోతుంది.

ప్రతి జన్యువూ మనలో జతగా ఉంటుంది. ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. జతలో రెండూ ఒకే రకమైతేనే పైకి కనిపించే లక్షణాన్ని అంతర్గతం అంటారు. ఒక్కటి ఉన్నా కనిపిస్తే బహిర్గతం. అంతకు మించి ఆ మాటల్లో బలం, బలహీనత అనే అర్థం లేదు.

మెండెల్ గుండ్రటి బఠాణీనీ ముడతల బఠాణీనీ సంకరం చేస్తే మొదటి తరంలో అన్నీ గుండ్రటివే వచ్చాయి. ఆ తరాన్ని వాటిలో వాటికే ఫలింపజేస్తే 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి. ముడత ఎక్కడికీ పోలేదు, అరిగిపోలేదు. తర్వాతి కాలంలో శాస్త్రవేత్తలు కారణం కూడా పట్టుకున్నారు: గింజలో పిండిపదార్థం సరిగ్గా తయారవడానికి కావలసిన ఒక ఎంజైము ముడత రకంలో పనిచేయదు. జతలో ఒక్క జన్యువు బాగున్నా గింజ గుండ్రంగా ఉండడానికి ఆ ఎంజైము సరిపోతుంది. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఒకరు మంచాన పడ్డా పొయ్యి ఆగదు. ఇద్దరూ పడితేనే తెలుస్తుంది. సికిల్ సెల్‌లో జరిగే పని వేరు గానీ లెక్క ఇదే.

అపోహ: అంతర్గతమైనవి అరుదు, బహిర్గతమైనవి మామూలు.

ఓ బ్లడ్ గ్రూపు అంతర్గతమే. మన దేశంలో అదెంత మామూలో చెప్పక్కర్లేదు. ఆరువేళ్లు చాలా కుటుంబాల్లో బహిర్గతంగానే వస్తాయి. మరి ఊళ్లో ఆరువేళ్లవాళ్లు ఎంతమంది?

ఓ గ్రూపు సంగతి ఇక్కడే ఇంకొంచెం చెప్పాలి. తండ్రిది ఏ, తల్లిది బి, బిడ్డది ఓ. ‘ఇదెలా కుదురుతుంది?’ అని తల్లి వైపు అనుమానంగా చూసిన ఇళ్లు నాకు తెలుసు. పూర్తిగా కుదురుతుంది. ఇద్దరిలోనూ జతలో రెండోది ఓ అయివుంటుంది, బిడ్డకు ఆ రెండే చేరాయి. ఇద్దరిదీ ఏ గ్రూపే అయినా ఓ బిడ్డ పుట్టవచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక ఒక ఆడమనిషి తలదించుకుని నిలబడాల్సి రావడం నన్ను చాలా బాధపెడుతుంది.

అపోహ: మా ఇంటా వంటా లేదు, కోడలి వైపు నుంచే వచ్చింది.

ఇదే నేను ఎక్కువగా వినేది. తొమ్మిది నెలల బిడ్డకు చేతులు, పాదాలు వాచి తీసుకొచ్చారు. సికిల్ సెల్‌లో చాలామంది పసిపిల్లలకు మొదట కనిపించేది అదే. పరీక్షలో బిడ్డకు ఎస్ఎస్ అని తేలింది, అంటే జతలో రెండూ సికిల్ జన్యువులే. నాయనమ్మ కోడలి పుట్టింటివాళ్లను వరసపెట్టి తిట్టింది. తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేస్తే ఇద్దరిదీ ఏఎస్, అంటే ఒకటి మామూలు జన్యువు (ఏ, ఇది బ్లడ్ గ్రూపు ఏ కాదు), ఒకటి సికిల్‌ది (ఎస్). ఇద్దరూ జబ్బు లేకుండా ఆ జన్యువును మోసే వాహకులే. ఇద్దరి నుంచీ ఒక్కొక్క ఎస్ వస్తేనే ఎస్ఎస్ అవుతుంది. అంటే నాయనమ్మ, తాతయ్యల్లో కనీసం ఒకరి నుంచి ఆ ఎస్ కొడుక్కి వచ్చిందన్నమాట. వాళ్లకు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. వాహకులు మామూలుగానే ఉంటారు, పొలం పనులు చేస్తారు, మనవల్ని ఎత్తుకుంటారు. పైగా ఆ ఒక్క ఎస్ ఉన్నవాళ్లకు ప్రమాదకరమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని ఆంథొనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త 1954లోనే చూపించాడు. మలేరియా ఏళ్ల తరబడి పీడించిన మా కొండ ప్రాంతాల్లో ఎస్ ఇంతగా నిలిచిపోవడానికి కారణం అదే.

అపోహ: నలుగురిలో ఒకరికే వస్తుందన్నారుగా, పెద్దదానికి వచ్చేసింది, ఇక మిగతావాళ్లకు రాదు.

ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పుకీ విడివిడిగా 25 శాతం రోగం, 50 శాతం వాహకత్వం, 25 శాతం ఏమీ లేకపోవడం. ముందు కాన్పులో ఏమైందో తర్వాతి కాన్పుకు గుర్తుండదు. రోగం లేని తోబుట్టువు కూడా వాహకుడయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. ఆ పిల్లల పెళ్లీడుకు ఈ లెక్క పనికొస్తుంది, రిపోర్టులు దాచుకోండి.

అపోహ: మేనరికం చేస్తేనే వస్తుంది, బయటి సంబంధమైతే భయం లేదు.

మేనరికం రోగాన్ని పుట్టించదు. బావా మరదళ్లకు ఒకే తాత, అమ్మమ్మల నుంచి జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడిగా వస్తుంది. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. అందుకే దాగి ఉన్నదేదైనా ఇద్దరిలోనూ అదే ఉండే అవకాశం పెరుగుతుంది. చాలా అరుదైన జబ్బుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. సికిల్ సెల్ వాహకులు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో మాత్రం ఏ చుట్టరికమూ లేని ఇద్దరు వాహకులు కలవడం తేలిక. ఇది గిరిజనుల రోగమే అనుకునేవాళ్లకూ ఇదే చెప్తాను. పశ్చిమ ఒడిశాలో గిరిజనేతరుల్లోనూ బాగానే ఉంది.

ఇంకో సంగతి. ఒకరు సికిల్ వాహకులు, మరొకరు బీటా తలసీమియా వాహకులు అయితే ‘జబ్బులు వేరు కదా’ అని ఊరుకోకూడదు. రెండూ ఒకే జన్యువులోని లోపాలు. రెండూ ఒక బిడ్డలో కలిస్తే రోగం వస్తుంది.

రక్తపరీక్షలో మాత్రం ఏదీ దాగదు. సికిల్ వాహకుల రక్తాన్ని హెచ్‌పీఎల్‌సీ అనే, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే పరీక్షకు పంపితే ఏ, ఎస్ హిమోగ్లోబిన్‌లు రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒంటికి తెలియనిది యంత్రానికి తెలుస్తుంది. అంటే అంతర్గతం అన్న మాట మనం దేన్ని చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. జబ్బుగా చూస్తే అంతర్గతం, హిమోగ్లోబిన్‌గా చూస్తే రెండూ పైకి కనిపించేవే. క్యాంపుల్లో ముందుగా చేసే సాల్యుబిలిటీ టెస్టు ఎస్ ఉందని మాత్రమే చెప్తుంది. ఏఎస్సా, ఎస్ఎస్సా తేల్చదు. పాజిటివ్ అని చీటీ ఇచ్చారని అక్కడితో టెన్షన్ పడి ఆగిపోకండి, రెండో పరీక్ష చేయించుకోండి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో 40 ఏళ్లలోపు వారికి ఈ పరీక్షలు చేస్తున్నారు.

ఆ తొమ్మిది నెలల బిడ్డ తాతయ్య చివర్లో ఒక మాట అడిగారు. ‘చిన్నోడికి సంబంధం ఖాయమైపోయిందమ్మా. ఇప్పుడు పరీక్షంటే అటువాళ్లు ఏమనుకుంటారు?’ ముందు మనబ్బాయికి చేయించండి బాబాయ్, అన్నాను. ఏఏ వచ్చి, బీటా తలసీమియా వాహకుడు కూడా కాదని తేలితే పుట్టబోయే పిల్లలకు సికిల్ సెల్ రాదు, అమ్మాయికి పరీక్ష అక్కర్లేదు. ఏఎస్ వస్తే అమ్మాయికి కూడా చేయిద్దాం. ఆమెదీ ఏఎస్ అయినా పెళ్లి ఆపమని నేను చెప్పను. గర్భం వచ్చిన పది పన్నెండు వారాలకే బిడ్డకు పరీక్ష చేసే వీలుంది, అప్పుడు ఏం చేయాలో వాళ్లిద్దరూ తెలిసి నిర్ణయించుకుంటారు. ఆయన కాసేపు ఆలోచించి, రక్తం తీయడానికి పరగడుపున రావాలా అని అడిగారు. అక్కర్లేదు, తినే రమ్మనండి అన్నాను.