లాన్ కార్డు మార్చగానే లైసెన్స్ పోతుందా? అపోహలు - వాస్తవాలు

వానాకాలం మొదలైతే నల్లగొండలో మా సర్వీస్ షాపుకు వచ్చే సిస్టమ్‌లలో చాలావాటిది ఒకటే కథ. రాత్రి ఉరుములు, మెరుపులు. పొద్దున చూస్తే లాన్ పోర్ట్ (నెట్ కేబుల్ పెట్టే చోటు) కాలిపోయి ఉంటుంది. ఎవరో కొత్త లాన్ కార్డు వేస్తారు, నెట్ వస్తుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ‘లైసెన్స్ చెల్లదు’ అంటుంది. ఇక తలా ఒక మాట చెప్తారు.

అపోహ: లైసెన్స్ పోయింది, ఫార్మాట్ కొట్టి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. దయచేసి ఫార్మాట్ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. చాలా సాఫ్ట్‌వేర్లు లైసెన్స్‌ను ఒక కంప్యూటర్‌కు ముడిపెట్టడానికి నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్‌ను వాడుకుంటాయి. అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిపి 12 ఉండే ఆ నంబర్‌ను తయారీలోనే కార్డులో రాసి పంపుతారు. హార్డ్ డిస్క్‌తో దానికి సంబంధం లేదు. కార్డు మారింది కాబట్టి నంబర్ మారింది, అంతే. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా పాత నంబర్ రాదు. పోయేది మీ డేటా.

మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు గుమాస్తా ఇలాగే వచ్చాడు. జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేయడానికి 20వ తేదీ గడువు దగ్గర పడింది. మా దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఫార్మాట్ చేసేశారు. పెన్‌డ్రైవ్‌లో పాత బ్యాకప్ ఉంది గానీ, ఆ తర్వాతి కొనుగోళ్లు, పార్టీల బాకీలు అన్నీ పోయాయి. “సార్, ఓనర్‌కు ఏం చెప్పాలి?” అని ఒకటే మాట అడుగుతున్నాడు, చేతులు వణుకుతున్నాయి. లైసెన్స్ సంగతి సాఫ్ట్‌వేర్ కంపెనీకి చేసిన ఒక్క ఫోన్‌తో తేలింది. కొన్న బిల్లు, కొత్త మ్యాక్ అడ్రస్ పంపితే సాయంత్రానికి లైసెన్స్ ఫైల్ మార్చి ఇచ్చారు. డేటా కోసం మాత్రం కాగితం బిల్లులు ముందేసుకుని మొదటి నుంచి ఎక్కించుకోవాల్సి వచ్చింది.

కాబట్టి ముందు డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ‘గెట్‌మ్యాక్’ (getmac) కమాండ్ కొడితే వచ్చే నంబర్‌ను రాసుకుని, బిల్లుతో సహా సాఫ్ట్‌వేర్ కంపెనీకి పంపండి. ఏఎంసీ (ఏడాది సర్వీస్ ఒప్పందం) అయిపోయి ఉంటే కొందరు డబ్బులు అడుగుతారు, అది వేరే సంగతి.

మెకానిక్‌లకు కూడా ఒక మాట. పోర్ట్ కాలినా పాత లాన్ చిప్ డివైస్ మేనేజర్‌లో ఇంకా కనిపిస్తుంటే దాన్ని డిసేబుల్ చేయకండి, బయోస్‌లో కూడా ఆపేయకండి. అలాగే ఉంచి పక్కన కొత్త కార్డు వేయండి. పాత నంబర్ సాఫ్ట్‌వేర్‌కు కనిపిస్తే లైసెన్స్ గొడవే రాకపోవచ్చు. పాత కార్డు బాగానే ఉండి, మీరే మార్చాలనుకుంటే ముందు సాఫ్ట్‌వేర్‌లోనే లైసెన్స్ సరెండర్ చేసి (ఆ కంప్యూటర్ నుంచి విడిపించి), ఆ తర్వాతే కార్డు తీయండి.

అపోహ: క్రాక్ (లైసెన్స్ అడగకుండా చేసే దొంగ ఫైల్) వేస్తే అయిపోతుంది.

వాస్తవం: క్రాక్ వేసేవాడు ముందు యాంటీవైరస్ ఆపమంటాడు. బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు వాడే సిస్టమ్‌లో అలాంటి పని చేస్తారా? పైగా అది చట్టవిరుద్ధం. డబ్బులు పెట్టి కొన్న లైసెన్స్ చేతిలో ఉండగా ఈ ఖర్మ ఎందుకు?

అపోహ: రూటర్ మార్చినా, ఐపీ (నెట్‌వర్క్ కంప్యూటర్‌కు ఇచ్చే నంబర్) మారినా లైసెన్స్ పోతుంది.

వాస్తవం: మ్యాక్‌కు ముడిపెట్టిన లైసెన్స్ మీ కంప్యూటర్‌లోని కార్డునే చూస్తుంది. రూటర్ నంబర్ వేరు, ఐపీ వేరు.

అపోహ: విండోస్ కూడా మళ్లీ కొనాలి.

వాస్తవం: ఒక్క లాన్ కార్డు మారితే విండోస్ మామూలుగా ఏమీ అనదు. మదర్‌బోర్డు మార్చినప్పుడే అసలు ఇబ్బంది. లైసెన్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కు కలుపుకునే వీలు విండోస్ 10లో 2016 నుంచే ఉంది. బోర్డు మార్చకముందే ఆ పని చేసుకోండి. సిస్టమ్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ అయితే మాత్రం పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది.

డిజిటల్ సంతకం పోతుందని కూడా కొందరు టెన్షన్ పడుతున్నారు. అది మీ యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది, లాన్ కార్డుతో దానికి పని లేదు. ఇప్పటికే వేసిన రిటర్న్‌లు జీఎస్టీ పోర్టల్‌లోనే ఉంటాయి. ఇక ల్యాప్‌టాప్‌లో కార్డు మార్చకుండానే లైసెన్స్ అప్పుడప్పుడూ తప్పుతుంటే, వైఫై సెట్టింగ్స్‌లో మ్యాక్ నంబర్‌ను మార్చేస్తుండే ‘ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్’ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.