ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కార్ల రేసింగ్: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు? (అపోహలు - వాస్తవాలు)

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ట్రాక్ దగ్గరికి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదివే కుర్రాడొకడు వచ్చాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు ఉంది. రాగానే "అన్నా, ఏ మోటర్ తీసుకోమంటవ్?" అని అడిగాడు. హైదరాబాద్‌లో 1/10 స్కేల్ (అసలు కారులో పదోవంతు సైజు) ఎలక్ట్రిక్ టూరింగ్ కార్లు నడపడం మొదలుపెట్టి నాకు పదకొండేళ్లయింది. కొత్తగా వచ్చేవాళ్లు దాదాపు అందరూ ముందు ఇదే అడుగుతారు. నిజానికి ఇది అన్నిటికంటే చివర అడగాల్సింది. డబ్బంతా మోటారు మీద పోసి, టైర్లకూ స్పేర్లకూ మిగలక, మూడు నెలల్లో ఆట మానేసినవాళ్లను చూశాను. చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. అతనికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

అపోహ: వేగమైన మోటారు ఉంటే రేసు మనదే

మేం వేసుకునే ట్రాక్ మీద ల్యాపుకు సుమారు 18 సెకన్లు పడుతుంది. రేసు 5 నిమిషాలు. అంటే దగ్గర దగ్గర 17 ల్యాపులు. 17.5 టర్న్ మోటారు తీసి 13.5 పెట్టారనుకోండి (టర్న్ అంటే మోటారు లోపలి తీగ చుట్టు; అవి తగ్గేకొద్దీ మోటారు వేగం పెరుగుతుంది). స్ట్రెయిట్‌లో ల్యాపుకు 0.3 సెకను కలిసొచ్చిందనే అనుకుందాం. రేసు మొత్తానికి 5 సెకన్లు మిగులుతాయి. కారు ఒక్కసారి అంచుకు తగిలి బోల్తా పడితే, మార్షల్ (ట్రాక్ పక్కన ఉండి పడ్డ కార్లను లేపేవాడు) పరుగెత్తుకొచ్చి నిలబెట్టేసరికి ఆ 5 సెకన్లూ పోతాయి. కొత్తవాళ్ల చేతిలో వేగమైన కారు ఒక్కసారితో ఆగదు, నాలుగైదుసార్లు పడుతుంది. పడ్డప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతుంది.

ఇంకో సంగతి. స్టాక్ క్లాసుల్లో (అందరూ ఒకే రకం మోటారుతో పోటీపడే రేసుల్లో) మోటారు ఎన్ని టర్న్స్ ఉండాలో నియమాలే చెప్తాయి. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టె) కూడా టైమింగ్ పెంచి మోటారుకు అదనపు వేగం ఇవ్వకుండా, లైటు మిణుకుమిణుకుమనే మోడ్‌లో ఉండాలంటారు. దాన్నే బ్లింకీ అంటాం. ముందే 10.5 కొనుక్కుని వస్తే ఆ క్లాసులోకి రానివ్వరు. కాబట్టి ముందు వట్టి చేతులతో ట్రాక్‌కి రండి. అక్కడ ఎక్కువమంది ఏ క్లాసు, ఏ కారు నడుపుతున్నారో చూడండి. అదే కొనండి. రేసు మధ్యలో మీ కారు ఆర్మ్ (చక్రాన్ని ఛాసీకి కలిపే సస్పెన్షన్ భాగం) విరిగితే పక్క టేబుల్ మీద అదే ఆర్మ్ దొరుకుతుంది. ఆ కారును ఎలా సెట్ చేయాలో చెప్పేవాళ్లూ అక్కడే ఉంటారు.

వేగం కావాలంటే ముందు గేరు మార్చి చూడండి. టామియా కంపెనీ టీటీ-02 కారు తీసుకుందాం. స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద గేరు) 70 పళ్లు, పినియన్ (మోటారు షాఫ్టు మీది చిన్న గేరు) 22, లోపలి గేర్ల నిష్పత్తి 2.6. 70ని 22తో భాగించి 2.6తో గుణిస్తే 8.27. మోటారు అన్నిసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. పినియన్ 24 పళ్లది వేస్తే ఆ అంకె 7.58 అవుతుంది, టాప్ స్పీడ్ పెరుగుతుంది. ఒక చిన్న గేరు ఖర్చే. కానీ మోటారు మీద లోడ్ కూడా పెరుగుతుంది. రేసు అయ్యీ అవగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టి చూడండి. 80 డిగ్రీలు దాటుతుంటే పినియన్‌లో ఒక పన్ను తగ్గించండి. మితిమీరి వేడెక్కితే లోపలి అయస్కాంతం బలం తగ్గుతుంది, అది మళ్లీ రాదు. మన ఏప్రిల్, మే ఎండల్లో నేను ఎప్పుడూ ఒక పన్ను తక్కువే వేస్తాను.

అపోహ: టైర్లు ఏవైనా ఒకటే

నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. కారు నేలను తాకేది నాలుగు చోట్ల, ఒక్కో చోటా బొటనవేలి గోరంత. ఎంత ఖరీదైన మోటారైనా, ఛాసీ అయినా చేసే పనంతా ఆ నాలుగు చోట్లనే. కిట్‌తో వచ్చే గట్టి టైర్లతో మూలమూలకీ వెనక భాగం జారుతుంటే, కొత్త డ్రైవరు తన చెయ్యి బాగాలేదనుకుని కుంగిపోతాడు.

మీ ట్రాక్‌లో కంట్రోల్ టైరు (రేసుకు నిర్ణయించిన ఒకే టైరు) ఉంటే ఆలోచించే పనే లేదు, అందరూ అదే వాడాలి. లేకపోతే ముందున్నవాళ్ల టైరు పేరు అడిగి అదే తీసుకోండి. అన్నిటికంటే మెత్తనిది కొంటే మంచిదనుకోకండి. మధ్యాహ్నం ఎండకు కాలిన తారు మీద మెత్తటి టైరు రెండు నిమిషాల్లో జిడ్డుగా మారి పట్టు వదిలేస్తుంది. రిమ్‌కీ టైరుకీ మధ్య సూపర్ గ్లూ సరిగ్గా పట్టిందో లేదో రేసుకు ముందు వేలితో లాగి చూడండి. రేసు అయ్యాక టైరు అంచు చూడండి. బయటి అంచే అరుగుతుంటే కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలే కోణం) సరిపోలేదన్నమాట. అది సరిచేయడానికి పైసా ఖర్చులేదు, టర్న్‌బకిల్ (పొడవు మార్చుకోగల మరల కడ్డీ) పావు చుట్టు తిప్పితే చాలు. ఇంకో చిన్న మాట: ప్రాక్టీసుకు ముందు ట్రాక్ ఊడవండి. మన దుమ్ములో చీపురు ఇచ్చినంత గ్రిప్ ఏ టైరూ ఇవ్వదు.

అపోహ: బ్యాటరీ మీద సి రేటింగ్ ఎంత పెద్దదైతే అంత మంచిది

5000 ఎంఏహెచ్ బ్యాటరీ మీద 100సి అని ఉందంటే, 5 ఆంపియర్-గంటలను 100తో గుణించి అది 500 ఆంపియర్లు ఇవ్వాలి. దానికి తగిలించే ఎక్స్‌టీ60 కనెక్టరు భరించేది 60 ఆంపియర్లు. నేను 17.5 మోటారుతో 5 నిమిషాల రేసు నడిపి వచ్చి ఛార్జింగ్ పెడితే సుమారు 1500 ఎంఏహెచ్ ఎక్కుతుంది. అంటే సగటున 18 ఆంపియర్లు. మూలల్లోంచి బయటికి వచ్చేటప్పుడు అంతకు కొన్ని రెట్లు లాగుతుంది, నిజమే. అయినా 500 దరిదాపుల్లోకి రాదు. మధ్యరకం హార్డ్‌కేస్ 2ఎస్ (రెండు సెల్లున్న) బ్యాటరీలు రెండు కొనండి, అందులో మిగిలిన డబ్బు మంచి బ్యాలెన్స్ ఛార్జర్‌కి (సెల్లులన్నిటినీ సమానంగా నింపే ఛార్జర్‌కి) పెట్టండి. సెల్లు సెల్లుకీ ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూపించే ఛార్జరైతే, బ్యాటరీ ముసలిదవుతున్న సంగతి ముందే తెలుస్తుంది.

లైపోను (లిథియం పాలిమర్ బ్యాటరీని) పాడుచేసేది ఎక్కువగా రేసు కాదు, ఇంట్లో మన అలవాట్లు. ఫుల్ ఛార్జ్‌లో, అంటే సెల్లుకు 4.2 వోల్టుల దగ్గర వారాల తరబడి వదిలేయొద్దు. స్టోరేజ్ మోడ్‌లో పెట్టి 3.8 దగ్గరికి తెచ్చి దాచండి. ఒక మే నెలలో ఫుల్ ఛార్జ్ చేసిన బ్యాటరీని కారు డిక్కీలో మరిచిపోయాను. సాయంత్రం తీస్తే హార్డ్‌కేస్ పగిలి, లోపలి సంచి దిండులా ఉబ్బి ఉంది. ఇంట్లో పిల్లలున్నారు, ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పటినుంచి ఛార్జింగ్ లైపో బ్యాగులోనే (మంటలను తట్టుకునే సంచిలోనే), నేను పక్కన ఉన్నప్పుడే.

అపోహ: ప్లాస్టిక్ తీసేసి అల్యూమినియం వేస్తే గట్టిపడుతుంది

సస్పెన్షన్ ఆర్మ్ ప్లాస్టిక్‌ది ఉండటానికి కారణముంది. దెబ్బ తగిలితే వంగి మళ్లీ మామూలుగా అవుతుంది, మరీ గట్టిగా తగిలితే అది విరిగి మిగతావాటిని కాపాడుతుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉంటుంది, ఆ దెబ్బ పోయి ఛాసీకి తగులుతుంది. ఆ డబ్బుతో ముందువైపు ఆర్మ్‌లు రెండు జతలు కొని పెట్టెలో ఉంచండి. కిట్‌లో ప్లాస్టిక్ బుష్‌లు వస్తే వాటి స్థానంలో బాల్ బేరింగులు వేయండి, తక్కువ ఖర్చులో అంత తేడా ఇంకేదీ చూపించదు. ఆ తర్వాత ఆయిల్ షాకులు (నూనె నింపిన షాక్ అబ్జార్బర్లు).

అపోహ: రిమోట్ ఏదైతే ఏం, సర్వో ఏదైతే ఏం

కారు ఎన్నిసార్లు మార్చినా రిమోట్ మాత్రం ఏళ్ల తరబడి చేతిలోనే ఉంటుంది. ఎండ్ పాయింట్ (స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో హద్దు), డ్యుయల్ రేట్ (స్టీరింగ్ ఎంత తిరగాలో తగ్గించి పెంచుకోవడం), ఎక్స్‌పో (మధ్యలో స్టీరింగ్‌ను మెత్తగా చేయడం), మోడల్ మెమరీ (ఒక్కో కారు సెట్టింగులు దాచుకోవడం) ఉన్న 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ చాలు. అంతకు మించింది ఇప్పుడు వద్దు. సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) మాత్రం మెటల్ గేర్లదే తీసుకోండి. స్టీరింగ్ ప్రతిసారీ ఒకే చోటికి తిరిగి రాకపోతే ప్రాక్టీసు చేసి ఏం లాభం?

అపోహ: సెకండ్ హ్యాండ్ కొంటే మోసపోతాం

చూసి కొంటే మోసపోం. నాలుగు చక్రాలూ ఒక్కోటి పట్టుకుని ఊపండి, ఎంత లూజుందో తెలుస్తుంది. ఆర్మ్ పిన్ను రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయా, కోడిగుడ్డులా సాగాయా చూడండి. స్క్రూ తలలు అరిగిపోయి ఉంటే పాత యజమాని తొందర మనిషి, బేరం తగ్గించండి. ఆ కుర్రాడికి ఇలాగే రెండేళ్లు వాడిన కారు దొరికింది. అందులో ఉన్న 17.5 మోటారునే ఉంచేశాడు. మిగిలిన డబ్బుతో ఒక సెట్టు టైర్లు, బేరింగులు, ఆర్మ్‌లు, ఛార్జరు కొన్నాడు. ఆ కారుతో ఒక లైపో కూడా ఊరికే ఇస్తామన్నారు. కొంచెం ఉబ్బి ఉంది. వద్దని చెప్పించాను.