సగం మాటతో యాభై ఏళ్లు

బెజవాడలో బుడమేరు వాగు ఆక్రమణల ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది: "పర్యావరణం కడుపు నిండినవాళ్ల కబురు. ముందు జనానికి నిలువ నీడ చూపించండి." 2024 వరద తర్వాత ఆ మాట జోరు తగ్గింది గానీ పోలేదు. దాని పుట్టుక చాలా దూరాన ఉంది.

1972 జూన్‌లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సదస్సు జరిగింది. ఆతిథ్యమిచ్చిన స్వీడన్ ప్రధానిని మినహాయిస్తే, అక్కడికి వెళ్లిన ప్రభుత్వాధినేత ఇందిరా గాంధీ ఒక్కరే. పేదరికాన్ని, అవసరాన్ని మించి కాలుష్యం చేసేవి ఏమున్నాయని ఆమె ప్రశ్నించారు. ఫ్యాక్టరీకి అనుమతి కావాలన్నా, చెరువు పూడ్చాలన్నా ఆ ముక్కే అక్కరకొచ్చింది. ఆ వెంటనే ఆమె అన్నది ఎవరికీ గుర్తులేదు: పల్లెల్లో, మురికివాడల్లో ఉండేవాళ్ల బతుకే మూలంలో కలుషితమై ఉంటే, సముద్రాలనూ నదులనూ శుభ్రంగా ఉంచండని వాళ్లకు ఎలా చెప్పగలం? అది పేదల మీద వేసిన నింద కాదు, వాళ్ల తరఫున అడిగిన ప్రశ్న.

చట్టాలు మాత్రం వరసగా వచ్చాయి. 1974లో నీటి కాలుష్య చట్టం, 1981లో గాలికి మరొకటి, భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం.

ఈలోగా పాశ్చాత్య విద్వాంసులు పర్యావరణం కడుపు నిండినవాళ్ల కబురన్న ఆలోచనకు సిద్ధాంతం హోదా ఇచ్చారు. తిండికీ భద్రతకూ లోటు లేకుండా పెరిగిన తరాలే జీవన నాణ్యత వైపు మళ్లుతాయని అమెరికన్ పండితుడు రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ 1977లో వాదించారు. 1992లో సర్వేలు చేసే గాలప్ సంస్థ భారత్ సహా 24 దేశాల్లో జనాన్ని అడిగి చూస్తే, పేద దేశాల్లోనూ పర్యావరణం గురించిన బెంగ బలంగానే కనిపించింది. పేదల్లోని ఇలాంటి పట్టింపును రామచంద్ర గుహ వంటి చరిత్రకారులు 'పేదల పర్యావరణవాదం' అన్నారు. అడవి అందం కోసం కాదు, కట్టెల కోసం, మేత కోసం, నీళ్ల కోసం జరిగే పోరాటం అది.

అయితే బెజవాడ ఈ సిద్ధాంతాల్లో దేనికీ పూర్తిగా లొంగదు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు నగరం పక్కనుంచి కొల్లేరుకు చేరుతుంది. వరద వస్తే వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. పల్లపు నేల చవక కాబట్టి సింగ్‌నగర్ వైపు కాలనీలు పెరిగాయి. కొందరు స్థలం కొనుక్కున్నారు, కొందరు గుడిసెలు వేసుకున్నారు. ఆ వెనుకే కరెంటు మీటరు, కుళాయి, ఓటరు కార్డు వచ్చాయి. ఇన్ని చేతులు కలిసిన పనికి ఒక్క పేదవాడినే ఆక్రమణదారు అనడం నాకు అన్యాయమనిపిస్తుంది. 2005లో బుడమేరు ఒకసారి ముంచి చెప్పింది. ఎవరూ వినలేదు. నగరాల శుభ్రతకు కేంద్రం ఇచ్చే ర్యాంకుల్లో, 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో, విజయవాడకు దేశంలో మూడో స్థానం దక్కింది. చెత్త బండి సమయానికి వచ్చేది, ఏరు ఇరుకుగానే ఉండేది.

2024 సెప్టెంబరు మొదట్లో మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కృష్ణకు వరదంటే మునుపు అందరూ భయపడేది నది ఒడ్డునున్న కృష్ణలంక గురించి. ఈసారి దాన్ని రక్షణ గోడ కాపాడింది. సింగ్‌నగర్‌లో జనం రోజుల తరబడి మేడల మీద నిలబడి, డ్రోన్లు జారవిడిచిన ఆహార పొట్లాలు అందుకున్నారు.

నీళ్లు తీశాక ప్రభుత్వం 'ఆపరేషన్ బుడమేరు' ప్రకటించింది. ఏటిని వెడల్పు చేయాల్సిందేనని మునిగిన వీధులన్నీ అన్నాయి. గట్టు మీద ఇల్లున్నవాళ్లూ అదే అన్నారు. కాకపోతే తమ ఇల్లు పోతే ఎక్కడ చోటు చూపిస్తారని ఇంకో మాట కూడా అడిగారు. స్టాక్‌హోమ్‌లో వినిపించిన రెండో సగం ఇంచుమించు ఇదే.